బయటి ప్లాస్టరింగ్‌కి ముందే సర్వీసు పైపు పెట్టించండి

బయటి ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు పనులు చూసుకోవచ్చా అని అడిగారు కదండీ. దయచేసి అలా చేయకండి. మీటరు ఎప్పుడు బిగించినా సరే, స్తంభం నుంచి ఇంటికి కరెంటు తెచ్చే సర్వీసు వైరు వచ్చే జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు), మీటరు బాక్సు, ఎర్త్ వైరు పైపు ముందే గోడలో ఉండాలి. తర్వాత గోడ కొడితే ఆ అతుకు దగ్గరే పగిలి వాన నీరు దిగుతుంది. పైపు కోసం గోడలో కొట్టిన గాడి పూడ్చిన చోట చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టించాకే ప్లాస్టరింగ్ చేయించండి. సర్వీసు పైపు పై కొన కిందికి వంగి ఉండాలి, లేకపోతే వైరు వెంబడి నీళ్లు మీటరులోకి వస్తాయి. ఇది చాలా ముఖ్యం. ఏసీల ఆలోచన ఉంటే త్రీ ఫేజ్‌కి (ఎక్కువ లోడుకి తీసుకునే కనెక్షన్‌కి) సరిపడా పైపు ఇప్పుడే వేయించండి. ఎర్త్ వైరుని భూమిలోకి కలిపే ఎర్త్ గొయ్యి ఇంటికి కనీసం 1.5 మీటర్ల దూరంలో తీయించండి. ప్లాస్టరింగ్‌ని వారమైనా బాగా తడపండి. మేస్త్రీ తొందరపెట్టినా రంగులకి నెల రోజులు ఆగండి.