చలి తగ్గేదాకా ఇంట్లో రోజూ గొడవేనా?

ఆదిలాబాద్ వైపు పల్లె నుంచి ఒక చెల్లెలు రాసింది. భర్త దసరాకి హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, ఉన్న రెండెకరాలు చేసుకుందామని ఊరొచ్చాడట. బోరు ఉంది. జనవరిలో బెండ వేస్తే చలికి సగం కూడా మొలవలేదు. మామయ్య శివరాత్రి దాటనివ్వమంటారు, ఈయనేమో అప్పటిదాకా ఆగితే పుచ్చకాయకి రేటు ఉండదంటాడు. రోజూ గొడవే, భర్తకి రాత్రిళ్లు నిద్ర లేదు, ఇల్లు ఈమె కుట్టుమిషన్ మీద నడుస్తోంది. "మధ్యలో నేను నలిగిపోతున్నా, ఎవరికి చెప్పాలి?" అని అడుగుతోంది.

అమ్మా, ముందు పంట సంగతి చూద్దాం. నేల వెచ్చగా లేకపోతే బెండ మొలవదు. ఇరవై డిగ్రీలకన్నా తగ్గితే కష్టమే, మీ దగ్గర ఈ కాలంలో రాత్రిళ్లు పదికి కిందకి కూడా పోతాయి కాబట్టి మామయ్యది చాదస్తం కాదు (యూట్యూబ్‌లో రైతులకి చలే ఉండదు, అది వేరే విషయం). అయితే పుచ్చకాయ చేతికి రావడానికి దగ్గర దగ్గర మూడు నెలలు పడుతుంది, శివరాత్రి దాటాక గింజ వేస్తే ఎండాకాలం సగం పైనే అయిపోతుంది, మీ ఆయన భయంలోనూ అర్థం ఉంది. పుచ్చ నారు ట్రేలలో పెంచి, రాత్రిపూట పైన పాలిథిన్ కప్పి, రెండు వారాలకి పొలంలో నాటుకోవచ్చు. బెండ మాత్రం ఆగాల్సిందే. కానీ ఈ మాట మీ నోటితో చెప్పకండి, చెబితే ఎవరో ఒకరి పక్షం అయిపోతారు. ఆదిలాబాద్‌లో రైతులకి సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, తండ్రీకొడుకుల్ని ఒకే బండి మీద అక్కడికి పంపండి. ఇకపై ఆయన మాట ఈయనకి, ఈయన మాట ఆయనకి మోయడం కూడా మానేయండి.

నాకు అసలు టెన్షన్ అంతా జీతం దగ్గరే కనిపిస్తోంది. నెల తిరిగితే ఫోన్‌లో మెసేజ్ వచ్చే మనిషి ఇప్పుడు పొలం గట్టు మీద ఊరికే కూర్చున్నాడు, పైగా తండ్రి ముందు వేసిన మొదటి విత్తనమే మొలవలేదు, ఆ సిగ్గు కోపంగా బయటికొస్తోంది. ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కాగితం పెట్టుకోండి. చేతిలో ఎంత ఉంది, అప్పు ఎంత, బెండ మొదటి కోతకి విత్తాక నెలన్నర పైనే పడుతుంది కదా, అప్పటిదాకా ఇల్లు ఎలా నడవాలి, ఎప్పటిదాకా చూసి మళ్లీ ఉద్యోగం సంగతి ఆలోచించాలి, అన్నీ రాసుకోండి. ఆ గడువు లోపల మీరూ దెప్పకూడదు.

నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉన్నా, "నేనెందుకు బతకడం" లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులు పట్టవు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, మీ మిషన్ డబ్బులు విత్తనాలకీ ఎరువులకీ ఇవ్వకండి. అడిగినా సరే, పిల్లల ఫీజు కట్టేదాకా లేవనే చెప్పండి.