పాత చిత్రాలు తుడిచే పని కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది తణుకు. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. డిగ్రీ తర్వాత సీఏ చేయించాలని మా కోరిక. మొన్న వేసవిలో వాడి మేనమామ లండన్ నుంచి వస్తూ బీటిల్స్ అనే పాత ఇంగ్లిష్ పాటల బృందం టీవీ చిత్రం ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’ బ్లూ-రే డిస్కు తెచ్చాడు. దాన్ని పదిసార్లు చూసి ఉంటాడు. ఇప్పుడు ఫిల్మ్ రిస్టొరేషన్ నేర్చుకుంటానంటున్నాడు. పాత సినిమాలు తుడిచే పని కూడా ఉద్యోగమేనా? చదువు మధ్యలో మానేస్తాడేమోనని భయంగా ఉంది.

జవాబు: ఉద్యోగమే. ఆ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు. చదువు మాత్రం మానవద్దనండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీ అబ్బాయిని అంతగా పట్టేసిన ఆ డిస్కు సంగతి చూద్దాం. దాని కథ తెలిస్తే వాడి కోరిక మీకు మరీ వింతగా అనిపించదు.

1967 సెప్టెంబరులో బీటిల్స్ నలుగురూ ఒక బస్సులో కొందరు నటులనూ పరిచయస్తులనూ ఎక్కించుకుని, సరైన స్క్రిప్టు కూడా లేకుండా ఇంగ్లండ్ నైరుతి ప్రాంతానికి బయలుదేరారు. వాళ్ల వ్యవహారాలన్నీ చూసే మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ అంతకు రెండు వారాల ముందే, ఆగస్టు 27న చనిపోయాడు. ‘ఇది కుదరదు’ అని చెప్పే మనిషి లేడు. దాదాపు పది గంటల ఫిల్ము పోగుపడింది. వారంలో అయిపోతుందనుకున్న ఎడిటింగుకు 11 వారాలు పట్టింది. చివరికి తేలింది 52 నిమిషాల చిత్రం. దాన్ని క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26 రాత్రి బీబీసీ-1 ప్రసారం చేసింది. తీసిందేమో రంగుల్లో. బీబీసీ-1 అప్పటికి నలుపు తెలుపు చానలు. పూర్తిగా రంగుల మీదే ఆధారపడిన దృశ్యాలు కూడా బూడిద పూసుకుని ఇళ్లలోకి వెళ్లాయి. మర్నాడు పత్రికలు ఉతికి ఆరేశాయి. జనవరి 5న బీబీసీ-2లో రంగుల్లో మళ్లీ వేశారు కానీ, రంగుల టీవీ ఉన్న ఇళ్లు అప్పట్లో బహు తక్కువ. నా మటుకు నాకు రంగుల్లో చూసినా అది గొప్ప చిత్రమనిపించలేదు. పాటలు వేరు, చిత్రం వేరు. కానీ మొదటి రాత్రి చూసినవాళ్లు దాన్ని నిజంగా చూడలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి.

మీ ఇంటికి వచ్చింది 2012 అక్టోబరులో విడుదలైన కూర్పు అయి ఉంటుంది. పాల్ రూటన్ జూనియర్ పర్యవేక్షణలో బొమ్మను బాగుచేశారు. శబ్దాన్ని లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో జైల్స్ మార్టిన్, శామ్ ఓకెల్ మళ్లీ మిక్స్ చేశారు. ఈ పని బరువు మీకు తెలియాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. ఆ చిత్రాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. దానిమీద ఒక్కో బొమ్మ (ఫ్రేము) వెడల్పు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, అంటే బొటనవేలి గోరంత. దాన్ని మీ గోడమీది టీవీ అంత చేస్తే, కంటికి ఆనని నలుసు కూడా బొద్దింకంత అవుతుంది. బ్రిటన్ టీవీలో సెకనుకు 25 బొమ్మలు. ఆ లెక్కన 52 నిమిషాలకు 78 వేలు. అన్ని గోళ్ల మీదా గీతలు, మరకలు, అతుకులు ఉంటాయి. వాటిని వరసగా చూసుకుంటూ పోయే ఉద్యోగం ఇది. మీ అబ్బాయి డిస్కులో చూసింది ఫలితం. పనిని వాడు ఇంకా చూడలేదు.

ఇక మీరన్న ‘తుడవడం’ సంగతి. దీన్ని తుడుపు పని అనుకునేవాడు ఇందులో పాడు చేసేదే ఎక్కువ. ఫిల్ము బొమ్మలో సన్నని రేణువులుంటాయి, గ్రెయిన్ అంటారు. అది మురికి కాదు, బొమ్మ తయారైందే ఆ రేణువులతో. దాన్ని కూడా కంప్యూటరుకిచ్చి నున్నగా చేయిస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తేలతాయి. నలుసు పోవాలి, రేణువు ఉండాలి. కెమెరామన్ పొరపాటున వెలుగు ఎక్కువ పెట్టి ఉంటే అది అలాగే ఉండాలి, కాలం వల్ల రంగు వెలిసిపోయి ఉంటే తిరిగి తేవాలి. ఏది ఏదో తెలుసుకోవడమే ఇక్కడి చదువు. ఇదే బృందం పాటలతో 1968లో వచ్చిన ‘యెల్లో సబ్‌మెరైన్’ అనే బొమ్మల సినిమాను కూడా 2012లోనే బాగుచేశారు. చేత్తో గీసిన గీతలను సాఫ్ట్‌వేరు మురికి కింద జమకట్టి చెరిపేసే ప్రమాదం ఉందని, దాన్ని నమ్ముకోకుండా శుభ్రం చేసే పని మొత్తం ఒక్కొక్క ఫ్రేమూ మనుషులే చేశారు. మీ అబ్బాయికి ఈ ఒక్క సంగతి చెప్పి మొహం చూడండి. కళ్లు మెరిస్తే ఆశ ఉంది. ఆవలిస్తే సీఏ ఫారం నింపండి.

మరో మాట. ఆ చిత్రం ఫిల్ము మీద ఉంది కాబట్టి బతికింది. అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది, అందుకని టీవీ సంస్థలు ఒక కార్యక్రమం చెరిపి దానిమీదే ఇంకొకటి రికార్డు చేసేవి. 1966 జూన్‌లో ఇదే బీటిల్స్ బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో స్వయంగా వచ్చి కనిపించిన టేపు అలాగే పోయింది. ఎవరో ఇంట్లో టీవీ ముందు చిన్న కెమెరా పెట్టి తీసుకున్న కొన్ని సెకన్ల మూగ బొమ్మ 2019లో బయటపడితే ప్రపంచమంతా వార్త అయింది. అసలు పోయాక బాగుచేయడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ రంగంలో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు ఎంత ముఖ్యమో, డబ్బా మూత తీయగానే వచ్చే వెనిగర్ వాసనను బట్టి ఫిల్ము కుళ్లడం మొదలైందని పట్టేసేవాళ్లూ అంతే ముఖ్యం.

మన దగ్గర ఈ పని ఎక్కడుంది అంటే, మీకు దగ్గరివాడితోనే మొదలుపెడతాను. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ పెట్టిన సంస్థ చెన్నైలో విదేశీ చిత్రాలకు కూడా రిస్టొరేషన్ చేస్తోంది. ఫిల్మును డిజిటల్ చేసే స్కానర్లు తయారుచేసే జర్మనీ కంపెనీ కూడా ఆ సంస్థదే. పుణేలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, 2022 నుంచి అది జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో భాగం. ముంబయిలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి వర్క్‌షాపులు నడుపుతోంది. విదేశీ నిపుణులు వచ్చి ఫిల్మును చేతిలో పెట్టి నేర్పిస్తారు. 2019లో హైదరాబాద్‌లోనే జరిపారు. మీ అబ్బాయి గురి పెట్టవలసిన మొదటి గుమ్మం అదే. ‘మాయాబజార్’కు 2010లో రంగులేసింది హైదరాబాద్ సంస్థే. అయితే రంగులేయడం రిస్టొరేషన్ కాదు. లేనిదాన్ని చేర్చడం వేరు, ఉన్నదాన్ని నిలబెట్టడం వేరు. ఈ తేడా మీద ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తే తడబడకూడదు.

దారి ఇలా ఉంటుంది. డిగ్రీ పూర్తయ్యాక పుణేలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలోగానీ, అలాంటిదే అయిన కోల్‌కతా సత్యజిత్ రే సంస్థలోగానీ ఎడిటింగ్ వంటి కోర్సులకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ లేనిదే ఆ తలుపు తెరుచుకోదు, అందుకే మానవద్దన్నాను. లేదంటే హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్, అంటే కంప్యూటరుతో సినిమా దృశ్యాలు మార్చే స్టూడియోల్లో పెయింట్ విభాగంలో చేరాలి. తీగలు, మచ్చలు ఫ్రేము ఫ్రేముకూ చెరిపే పని అది, చెయ్యి తిరుగుతుంది. మొదటి రెండు మూడేళ్లు జీతం మీ దుకాణంలో గుమాస్తాకు ఇచ్చేదానికి ఎంతో ఎక్కువ ఉండదని ఇప్పుడే అనుకోండి. తర్వాత విదేశీ చదువు ఆలోచిస్తే అమెరికా రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం వాళ్ల బడి, ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయం మాస్టర్స్ కోర్సు ఉన్నాయి. అప్పు చేసి వెంటనే పంపమని మాత్రం అనను. ముందు రెండేళ్లు పని చేయాలి.

ఇక బీకాం. మీ ఇద్దరూ దాన్ని ఈ దారికి అడ్డమనుకుంటున్నారు. నాకు అలా కనిపించడం లేదు. ఏ పాత చిత్రం బాగుపడాలన్నా మొదటి ప్రశ్న నెగెటివ్ ఎవరిది, హక్కులు ఎవరివి అనే. ఆ బీటిల్స్ చిత్రం హక్కులు వాళ్ల సొంత కంపెనీ ఆపిల్ కోర్ చేతిలో ఉన్నాయి కనుకే పని సాఫీగా సాగింది. మన దగ్గర నిర్మాత ఒకరు, పంచుకున్న వారసులు నలుగురు, ఎప్పుడో కొనుక్కున్న చానలు ఒకటి. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది, అందులోని పాటల సాహిత్యానికి రచయిత మరణించాక 60 ఏళ్లు. ఈ చిక్కుముడులు విప్పి కాగితం మీద పెట్టగలిగే మనిషి రిస్టొరేషన్ సంస్థకు ఎడిటరంత అవసరం. లెక్కలు, ఒప్పందాలు చదివినవాడికి అది ఇంకో దారి. సీఏ చేసినా మూసుకుపోదు. ఈలోగా పాత సినిమా పాటలు ‘బాగుచేసి’ యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే ఆపమనండి. వేరేవాళ్ల ఆస్తి అది.

కృత్రిమ మేధ వచ్చి ఇదంతా తినేయదా అని మీరు అడగలేదు, ఈ మధ్య అందరూ అడుగుతున్నారు కనుక నేనే చెబుతాను. నలుసులు ఏరే పనిలో చాలా భాగం యంత్రానికే పోతుంది. కలిసిపోయిన గొంతునూ గిటారునూ విడదీసే పనిని 2021లో సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం బీటిల్స్ రికార్డింగుల మీద చేసి చూపించింది. యంత్రం ఏది అతిగా చేసిందో పట్టుకునే కన్ను, చెవి ఉన్నవాడికి పని ఉంటుంది. మీట నొక్కడం ఒక్కటే వచ్చినవాడికి ఉండదు.

మీ పెళ్లి వీడియో క్యాసెట్ బీరువాలో ఉంటే మీ అబ్బాయికి ఇవ్వండి. దాన్ని డిజిటల్ చేసి, అందులో మూడు నిమిషాలు, తలంబ్రాల ఘట్టమే అనుకోండి, డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచిత కూర్పులో ఫ్రేము ఫ్రేముకూ బాగుచేయమనండి. నెల రోజులు గడువు. మొదటి వారంలోనే వదిలేస్తే ఈ ఉత్తరం సంగతి మరిచిపోవచ్చు. నెలాఖరుకు కూడా ఇంకా ఆ మూడు నిమిషాల దగ్గరే కూర్చుని, అమ్మ చీర అసలు రంగు ఏమిటని ఆవిడనే అడుగుతుంటే, నాకు మళ్లీ రాయండి. ఒక్క జాగ్రత్త: క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు కనిపించిందా, ప్లేయరులో పెట్టనివ్వకండి. బూజు ప్లేయరు హెడ్డుకు అంటుతుంది, టేపు తెగవచ్చు. ముందు శుభ్రం చేయగలవాళ్లకు చూపించాలి.