నిరోధక జన్యువు ఉంటే కందికి పురుగు రాదా?

ప్రశ్న: గింజలో ప్రోటీన్ నిరోధక జన్యువు ఉందని, కాయతొలుచు పురుగు తాకదని డీలర్ చెబితే ఒక కంది రకం వేశాను. ఇప్పుడు పిందెలకు గుండ్రటి రంధ్రాలు పడుతున్నాయి. ఒకే మందు మూడుసార్లు కొట్టాను. విత్తనం నకిలీదా?

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి విత్తనాన్ని అనుమానించక్కర్లేదు. మీకు చెప్పిన మాటే తప్పు. డీలర్ చెప్పింది ప్రోటియేజ్ నిరోధకాలనే ప్రోటీన్ల గురించి అయ్యుంటుంది; వాటి జన్యువులు ప్రతి కంది రకంలోనూ ఉంటాయి. పురుగు పేగులో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ వంటి ఎంజైములను ఈ నిరోధకాలు అడ్డుకుంటాయి. దాంతో పురుగు ఎదుగుదల మందగిస్తుందే తప్ప వెంటనే చావదు. పైగా ఈ నిరోధకాలు గింజ ముదిరేకొద్దీ పెరుగుతాయి. మీ చేలో పురుగు తింటున్నది లేత పిందెను.

కాయతొలుచు పురుగుల్లో ఒకటైన శనగపచ్చ పురుగు మహా మొండిది. ఒక ఎంజైమును అడ్డుకుంటే, దానికి లొంగని మరో ఎంజైమును తయారుచేసుకుంటుంది. సాగు రకాల నిరోధకాల్లో తేడాలు తక్కువ, వాటికి ఇది అలవాటుపడింది. కజానస్ స్కారబేయాయిడిస్, కజానస్ ప్లాటికార్పస్ వంటి అడవి కందుల్లో వైవిధ్యం ఎక్కువ. ప్రయోగశాల పరీక్షల్లో ఈ పురుగు ఎంజైములను అవి సాగు రకాలకంటే బాగా అణిచాయి. అందుకే అడవి రకాలను పోగొట్టుకోవద్దని మేం మొత్తుకునేది. అయితే ప్లాటికార్పస్‌తో సాగు కందిని మామూలుగా సంకరపరచడమే కష్టం. ఆ గుణం సంచిలో పోసి అమ్ముతున్నామంటే నమ్మకండి.

ఇక చేను సంగతి. కొట్టిన మందు పేరు మీరు రాయలేదు. ఏదైనా సరే, మళ్లీ అదే కొట్టొద్దు. ముందు చేలో అక్కడక్కడా 20 మొక్కలు చూడండి. తల కాయలో, ఒళ్లు బయట పెట్టి తినేది శనగపచ్చ పురుగు. పూమొగ్గలపై గసగసాలంత తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. పూత, పిందెలను గూడులా అల్లి లోపల తింటుంటే అది మారుకా అనే మరో కాయతొలుచు పురుగు.

మొక్కకు సగటున ఒక పురుగు ఉంటేనే మందు జోలికి వెళ్లండి. పురుగులు చిన్నవైతే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. లీటరు నీటికి 0.4 గ్రాములు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. 10 రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, అవసరమైతేనే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. లీటరుకు 0.3 మి.లీ. వాడండి. గూళ్లు ఎక్కువగా ఉంటే మొదటే ఇది కొట్టండి. ఎదిగిన పురుగులు మందుకు సరిగా లొంగవు. సాళ్ల మధ్య పట్టా పరిచి మొక్కలను దులిపి, రాలినవాటిని ఏరి చంపండి. రెండు మూడు మందులు కలిపి కొట్టమని డీలర్ అంటే మాత్రం వినకండి. మిత్రపురుగులు చచ్చిపోయి శనగపచ్చకు అడ్డే ఉండదు.