ఏడాది తిరగకముందే చీలిన జారుడుబల్ల: రిటర్న్ గడువు దాటితే దారి లేదా?

ప్రశ్న: మా పాపకు మూడో ఏడు నడుస్తోంది. తన కోసం ఆన్‌లైన్‌లో జారుడుబల్ల, ఉయ్యాల కలిసిన ప్లాస్టిక్ ప్లేసెట్ కొన్నాం. 'ఆరుబయట వాడుకోవచ్చు, ఎండకు పాడవదు, 50 కిలోల బరువు మోస్తుంది' అని అక్కడ రాసి ఉంది. ఎనిమిది నెలలకే జారుడుబల్ల పైమెట్టు దగ్గర చీలింది. ఆ అంచు గీసుకుని పాప అరచేయి తెగితే ఆస్పత్రికి తీసుకెళ్లాం. 'రిటర్న్ గడువు అయిపోయింది, పైగా మీరు ఎండలో ఉంచారు' అని అమ్మినవాళ్లు చేతులు దులుపుకొంటున్నారు. కేసు వేయవచ్చా? మళ్లీ ఇంకొకటి కొనాలంటే ఏం చూసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: కేసు వేయవచ్చు. రిటర్న్ గడువు వేరు, ఫిర్యాదు గడువు వేరు. ఇన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటామన్నది అమ్మేవాళ్లు పెట్టుకున్న నియమం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం, ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. బల్ల చీలిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుందని వాదించవచ్చు గానీ, ఆ వాదనతో పని పెట్టుకోకండి. కొన్న తేదీ నుంచి లెక్కేసుకుని రెండేళ్లలోపే వేసేయండి.

ఇలాంటి కేసుల్లో గెలుపోటములు ఫిర్యాదులో రాసే మొదటి వాక్యం దగ్గరే సగం తేలిపోతాయి. చాలామంది 'నాసిరకం ప్లాస్టిక్ అంటగట్టారు' అని మొదలుపెడతారు. నాసిరకమో కాదో చూడగానే తేలకపోతే, కమిషన్ సెక్షన్ 38 కింద వస్తువును సీల్ చేసి ల్యాబ్‌కు పంపాలి. ఆ పరీక్ష ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాల్సి రావచ్చు. ఆటవస్తువు ధర కంటే పరీక్ష ఖర్చే ఎక్కువైతే ఎవరికైనా విసుగొస్తుంది. అవతలివాళ్లకు కావలసిందీ అదే.

మీకు ఆ అవస్థ అక్కర్లేదు. చట్టంలో 'లోపం' అంటే తయారీలో తప్పు ఒక్కటే కాదు. అమ్మకందారు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యత, బలం, ప్రమాణం వస్తువులో లేకపోయినా అది లోపమే. కాబట్టి ఇలా రాయండి: 'ఆరుబయట వాడవచ్చని, ఎండకు పాడవదని, 50 కిలోలు మోస్తుందని చెప్పి అమ్మారు. అంతకంటే ఎంతో తక్కువ బరువున్న మా పాప వాడుతుండగా ఎనిమిది నెలలకే చీలింది.' పాప బరువు టీకాల కార్డులో ఉంటే దాని కాపీ జతచేయండి. ఎండలో ఉంచారన్న వాళ్ల సాకు వాళ్ల ప్రకటన ముందే నిలవదు.

ఒక్క చిక్కు ఉంది. పెట్టెలో వచ్చిన మాన్యువల్‌ను ఒకసారి తీసి చదవండి. ఎండలో ఉంచకూడదనో, బోల్టులు అప్పుడప్పుడు బిగించాలనో అందులో ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. ప్రకటనలో ఒకటి, మాన్యువల్‌లో ఇంకొకటి ఉంటే అదీ మీకే పనికొస్తుంది. కానీ బరువు పరిమితి దాటిన పెద్ద పిల్లలో, పెద్దవాళ్లో దాని మీద కూర్చుని ఉంటే మీ కేసు బలహీనపడుతుంది. ఆ సంగతి మీ వకీలు దగ్గర దాచకండి.

ఇప్పుడు ఆ బల్లను ఏం చేశారన్నది ముఖ్యం. ఫెవిక్విక్ పెట్టి అతికించవద్దు, తీగతో కట్టవద్దు, పాతసామాన్లవాడికి వేయవద్దు. దెబ్బ తగిలేనాటికే వస్తువును మార్చేశారనో, తప్పుగా వాడారనో రుజువైతే అమ్మకందారు బాధ్యత నుంచి తప్పించుకోవడానికి సెక్షన్ 87 వీలిస్తోంది. ఇప్పుడు అతికిస్తే ఆ వాదనకు మీరే చోటిచ్చినట్టు. పాపకు అందకుండా ఒక మూలన పెట్టి ఫొటోలు తీయండి. చీలిక చుట్టూ, బోల్టు దిగిన చోట ప్లాస్టిక్ తెల్లబారి ఉందేమో దగ్గర నుంచి తీయండి. ఒత్తిడి పడ్డచోట చాలా రకాల ప్లాస్టిక్ చీలేముందు అలా తెల్లబారుతుంది. అది బోల్టు చుట్టూనే ఉంటే, బరువు మోసే చోటే బలం చాలలేదన్న మీ మాటకు ఊతమిస్తుంది.

తర్వాత ఐఎస్‌ఐ గుర్తు వెతకండి. పిల్లల ఆటవస్తువుల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చి, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు, కొన్ని మినహాయింపులు పోను, ఆ గుర్తు తప్పనిసరి. ఇంట్లో వాడే ఉయ్యాలలు, జారుడుబల్లలకు ఐఎస్ 9873 అనే భారత ప్రమాణంలో నాలుగో భాగం ప్రత్యేకంగా ఉంది. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే కంపెనీ పేరు, చిరునామా, లైసెన్స్ చెల్లుబాటు కనిపిస్తాయి. పెట్టె మీది పేరు వేరు, యాప్‌లో పేరు వేరు అయితే గట్టిగా అనుమానించాల్సిందే. యూరప్ గుర్తు అయిన సీఈ అన్న అక్షరాలు చూసి సరిపెట్టుకోకండి, అవి ఐఎస్‌ఐకి బదులు కావు. గుర్తే లేకపోతే అదే యాప్‌లో ఫిర్యాదు చేయండి, కమిషన్‌లోనూ ఆ అంశాన్ని ముందు పెట్టండి.

పాప గాయం సంగతి వేరుగా అడగాలి. వస్తువు లోపం వల్ల ఒంటికి దెబ్బ తగిలితే చట్టంలోని ఆరో అధ్యాయం కింద, అంటే ప్రొడక్ట్ లయబిలిటీ కింద పరిహారం కోరవచ్చు. స్పష్టంగా ఇచ్చిన వారంటీకి తగ్గట్టు వస్తువు లేనప్పుడు, 'మా నిర్లక్ష్యం లేదు' అని తయారీదారు నిరూపించుకున్నా బాధ్యత పోదని సెక్షన్ 84 చెబుతోంది. తయారీదారు ఎవరో తేలకపోతే సెక్షన్ 86 కింద అమ్మినవాళ్లు జవాబు చెప్పాలి. మైనర్ తరఫున తల్లిగా మీరే ఫిర్యాదు చేయవచ్చు. ఆస్పత్రి చీటీ, మందుల బిల్లులు, ఆ రోజు తీసిన చేతి ఫొటో చాలు. చిన్న గాయానికి లక్షలు అడిగితే కమిషన్‌కు మీ మిగతా మాట మీద కూడా నమ్మకం సడలుతుంది, జాగ్రత్త.

ముందు అమ్మకందారుకు, ప్లాట్‌ఫామ్ (మీరు కొన్న ఆన్‌లైన్ సైట్) గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి ఈమెయిల్ పెట్టండి. 2020 ఇ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నా సలహా అయితే, నెల రోజులు ఈ దారి చూశాకే కేసు. కాగితం మీద గడువులు ఉన్నా కమిషన్లలో ఆలస్యం మామూలే. కేసు దాకా వెళ్తే మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, 'ఇ-జాగృతి' పోర్టల్ ద్వారా వేయవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. వకీలు తప్పనిసరి కాదు. నాలాంటి వకీళ్లకు నష్టమే అనుకోండి, అయినా నిజం అదే. తయారీదారు, అమ్మకందారు, ప్లాట్‌ఫామ్ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. 'మేం మధ్యవర్తులం మాత్రమే' అని ప్లాట్‌ఫామ్ అంటే, ఆ మాట కమిషన్ ముందు చెప్పుకోనివ్వండి.

ఇక కొత్తది కొనే సంగతి. రంగులు, బొమ్మలు పాప చూసుకుంటుంది. మీరు బరువు పరిమితి చూడండి. అది ఒక్కో బిడ్డకా, మొత్తం సెట్‌కా అన్నది చాలాచోట్ల స్పష్టంగా రాయరు. చాట్‌లో అడిగి జవాబు దాచుకోండి. వారంటీ ఎన్నేళ్లన్నదాని కంటే దేనికి ఉందన్నది ముఖ్యం. 'తయారీ లోపాలకు మాత్రమే' అని ఉంటే ఎండకు పెళుసెక్కితే వాళ్లు తప్పించుకోవాలని చూస్తారు. బోల్టులు, ఉయ్యాల తాళ్లు, మెట్లు విడిగా దొరికే సెట్ ధర కాస్త ఎక్కువైనా చివరికి చౌక, ఎందుకంటే ఒక్క ముక్క పోతే మొత్తం పారేయాల్సిన పనిలేదు. డబ్బు కట్టేముందే ప్రకటన పేజీ మొత్తం తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. గొడవ మొదలయ్యాక ఆ పేజీలో రాతలు మారిపోవడం కొత్తేమీ కాదు.

ఇంకో రెండు మాటలు. తెలిసినవాళ్ల దగ్గర వాడిన సెట్ కొంటే, వాళ్లు వ్యాపారులు కాదు కాబట్టి ఈ చట్టం సాధారణంగా వాళ్ల మీద పనిచేయదు. మీరు ఇంట్లో డేకేర్ లాంటిదేమైనా నడుపుతూ అందుకోసం కొంటే, వ్యాపార అవసరానికి కొన్నారు కాబట్టి ఈ చట్టం వర్తించదని అవతలివాళ్లు అభ్యంతరం లేవనెత్తుతారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, దాన్ని నిరూపించుకోవాల్సింది మీరే.