హీత్రో మూడో రన్‌వే మీద ఇన్నేళ్లుగా జరుగుతున్న గొడవ నిజంగా పర్యావరణం కోసమేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. లండన్ హీత్రో విమానాశ్రయంలో మూడో రన్‌వే విషయం ఇరవై ఏళ్లు దాటినా ఎందుకు తేలట్లేదు? పర్యావరణం అసలు కారణమా, నాయకులకు దొరికిన సాకా? నేను ఆ విమానాశ్రయం పక్కనున్న హౌన్స్‌లోలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. విమానాలు దక్షిణం రన్‌వే మీదికి దిగే దారికి సరిగ్గా కింద మా ఇల్లు. కాబట్టి నన్ను తటస్థుడు అనుకోకండి, ముందే చెప్పేస్తున్నా.

చప్పుడు ఎలా ఉంటుందో చెబితే తప్ప మిగతా రాజకీయం అర్థం కాదు. ఇక్కడ ఎక్కువ రోజులు గాలి పడమటి నుంచి వీస్తుంది. విమానాలు గాలికి ఎదురుగా దిగాలి కనుక లండన్ నగరం మీదుగా, మా నెత్తి మీదుగా వచ్చి దిగుతాయి. ఒకటిన్నర నిమిషానికి ఒకటి. తెల్లవారుజామున అయిదు కాకముందే మొదలు. పెద్దది వచ్చిందంటే వంటింట్లో స్టాండుకి పెట్టిన స్టీలు పళ్లేలు సన్నగా మోగుతాయి. ఫోన్లో మాట్లాడేటప్పుడు మాటమధ్యలో ఆగిపోవడం మాకు ఎంత అలవాటైందంటే, అటువైపు మా నాన్న "పోయిందా? ఇక చెప్పు" అంటాడు. మా అమ్మాయి టీచర్ కూడా పాఠం మధ్యలో అలాగే ఆగుతుందట. హౌన్స్‌లోలో ఒక చిన్నపిల్లల బడి ఆవరణలో మట్టితో గుండ్రటి గదులు కట్టారు, పిల్లలు ఆరుబయట ఒకరి మాట ఒకరు వినడానికి.

దీనికి ఒక ఊరట ఉంది. మధ్యాహ్నం మూడింటికి రన్‌వేల వంతు మారుతుంది. ఒక వారం పొద్దున మా మీద దిగితే మూడు తర్వాత ఉత్తరం వైపు వాళ్ల మీద, మరుసటి వారం తిరగేసి. గాలి తూర్పు నుంచి వీచిన రోజుల్లో ఈ లెక్క వేరు. వంతుల టైమ్‌టేబుల్ ముందే ఇస్తారు. మా అమ్మ వచ్చినప్పుడు దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. ఊళ్లో కరెంటు కోత వేళలు గుర్తుపెట్టుకున్నట్టు, ఈ వారం మధ్యాహ్నం కునుకు ఉందా లేదా అని చూసుకునేది. మూడో రన్‌వే వస్తే ఈ సగం రోజు విశ్రాంతి తగ్గిపోతుందన్నది మా వీధిలో అందరి భయం. అదే మాకు అసలు పర్యావరణం.

కానీ అదే వీధిలో సగం ఇళ్లకి జీతం కూడా ఆ విమానాశ్రయం నుంచే వస్తుంది. నేను చదువుకోడానికి వచ్చిన కొత్తలో ఒక కార్గో గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేశాను. నా పక్కన పెట్టెలు ఎత్తినవాళ్లలో ఎక్కువమంది పంజాబీలు, నాలాంటి తెలుగు స్టూడెంట్లు నలుగురైదుగురు. పొద్దున్నే హ్యాటన్ క్రాస్ స్టేషన్‌లో దిగగానే గుప్పున కిరసనాయిలు వాసన కొట్టేది. విమానాల ఇంధనం కూడా ఆ జాతిదే కదా. నాకైతే చిన్నప్పటి రేషన్ షాపు క్యూ గుర్తొచ్చేది. ఆ వాసన పీల్చడం మంచిదా కాదా అని అప్పుడు ఆలోచించలేదు, అద్దె కట్టాలన్న టెన్షన్ ముందు అది ఏపాటి. ఇప్పుడు ఐటీ ఉద్యోగం, సొంతిల్లు ఉన్నాయి గనక గాలి గురించి మాట్లాడుతున్నాను. కిటికీ గట్టు మీద వారం తిరిగేసరికి నల్లటి పొడి పేరుకుంటుంది. పక్కింటి ఆయన దాన్ని విమానాల మసి అంటాడు, మా ఆవిడ ఏ4 రోడ్డు మీద లారీల పొగ అంటుంది. నిజానికి ఇక్కడి గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్‌కి రోడ్ల ట్రాఫిక్ పెద్ద కారణం. ఎం4, ఎం25 మోటార్‌వేలు రెండూ పక్కనే. అయితే ప్రయాణికులు పెరిగితే ఆ రోడ్ల మీద కార్లు, లారీలు కూడా పెరుగుతాయి కాబట్టి ఇద్దరి మాటా పూర్తిగా తప్పు కాదు.

అంటే 'పర్యావరణం' అనే ఒక్క మాట కింద ఇక్కడ మూడు వేరువేరు గొడవలున్నాయి. చప్పుడు మాలాంటి లక్షలమందిది. గాలి రోడ్ల పక్కన ఉండేవాళ్లది. కార్బన్ అందరిదీ, అంటే ఓటు దగ్గరికి వచ్చేసరికి ఎవరిదీ కాదు. వాదనగా చూస్తే కార్బన్‌దే గట్టిది. బ్రిటన్ 2050 కల్లా నెట్ జీరోకి, అంటే వదిలే కార్బన్‌కీ తిరిగి పీల్చుకునేదానికీ లెక్క సరిపోయే స్థితికి, చేరాలని 2019లో చట్టం చేసుకుంది. దేశం ఉద్గారాల్లో విమానాల వాటా 7-8 శాతం, మిగతా రంగాలు తగ్గించుకుంటున్న కొద్దీ ఆ వాటా పెరుగుతుంది. కరెంటు బొగ్గు నుంచి గాలిమరలకు మారింది, కార్లు బ్యాటరీకి మారుతున్నాయి, అట్లాంటిక్ దాటే విమానానికి మాత్రం అలాంటి మార్గం ఇంకా దొరకలేదు. చప్పుడు వాదన దీనికి తలకిందులు. కొత్త విమానాలు పాతవాటికంటే నిశ్శబ్దంగానే ఉన్నాయి, పాత బోయింగ్ 747లు పోయాక మాకే తేడా తెలిసింది. కానీ ఓట్లన్నీ అక్కడే ఉన్నాయి. అందుకే నాయకులు మాట్లాడేది కార్బన్ గురించి, లెక్కపెట్టుకునేది చప్పుడు కింద ఉన్న ఓట్లని.

నమ్మకం కుదరకపోతే బోరిస్ జాన్సన్‌ని చూడండి. లండన్ మేయర్‌గా ఉన్నప్పుడు హీత్రోని వ్యతిరేకించి, దానికి బదులు థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట ఇంకా పెద్ద విమానాశ్రయం కడదామన్నాడు. వాతావరణం మీద బెంగ ఉన్నవాడు అడిగేది అదేనా? 2015లో మాకు దగ్గర్లోని నియోజకవర్గం నుంచి ఎంపీగా గెలిచి, బుల్డోజర్లకి అడ్డంగా పడుకుంటానన్నాడు. 2018 జూన్‌లో పార్లమెంటులో మూడో రన్‌వే మీద ఓటింగ్ రోజున విదేశాంగ మంత్రి హోదాలో కాబూల్‌లో తేలాడు. ఇక్కడ పబ్బుల్లో అదొక శాశ్వత జోకు.

ఓటింగ్‌లో 415 మంది అనుకూలం, 119 మంది వ్యతిరేకం. ఆ లెక్కలో పార్టీల గీత కంటే ఊళ్ల గీత బాగా కనిపిస్తుంది. విమానాల దారి కింద ఉన్న ఎంపీల్లో చాలామంది, కన్జర్వేటివ్ అయినా లేబర్ అయినా, వద్దన్నారు. గ్రెగ్ హ్యాండ్స్ అయితే వద్దని ఓటెయ్యడానికి మంత్రి పదవి వదులుకున్నాడు. దూరప్రాంతాల ఎంపీల్లో చాలామంది, మా ఊరికి లండన్ విమానం వస్తుందన్న ఆశతో, సరేనన్నారు. పెద్ద కార్మిక సంఘాలు కూడా ఉద్యోగాల కోసం రన్‌వే కావాలన్నాయి. కీర్ స్టార్మర్ ఆ రోజు వ్యతిరేకంగా ఓటేశాడు. ఆయనే ప్రధాని అయ్యాక 2025 జనవరిలో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ మూడో రన్‌వేకి ప్రభుత్వ మద్దతు ప్రకటించింది. దానికి ముందు కథ కూడా ఇలాంటిదే. 2009లో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం ఒప్పుకుంది, 2010లో కామెరాన్ వచ్చి రద్దు చేశాడు, మూడేళ్లు తిరక్కుండానే ఆయన ప్రభుత్వమే విమానాశ్రయాల మీద ఒక కమిషన్ వేసింది, 2015లో ఆ కమిషన్ మళ్లీ హీత్రోనే సూచించింది. మన దగ్గర ప్రభుత్వం మారితే ప్రాజెక్టు పేరు మారుతుంది. ఇక్కడ అభిప్రాయమే మారుతుంది, ఒక్కోసారి ప్రభుత్వం మారకుండానే.

అయితే అంతా నాటకమేనా అంటే కాదు. 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు పార్లమెంటు ఒప్పుకున్న ఈ రన్‌వే విధానం చెల్లదంది. కారణం చప్పుడు కాదు, డబ్బు కాదు. ప్యారిస్ వాతావరణ ఒప్పందాన్ని మంత్రి లెక్కలోకి తీసుకోలేదని. ఆ రోజు నేను ఆఫీసులో తీర్పు వార్త రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లలో మావాళ్లు చప్పుడు మీద పెట్టిన ఫిర్యాదులు ఏ మేరకు పనిచేశాయో కానీ, ఒక్క కార్బన్ వాదన మొత్తం ప్రాజెక్టుని ఆపేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అయినా ఆ తర్వాత ఏ మంత్రీ వాతావరణం మాట ఎత్తకుండా రన్‌వే గురించి మాట్లాడలేకపోతున్నాడు. సాకుగా మొదలైనా, చట్టంలో ఎక్కాక సాకుగా మిగల్లేదు.

కట్టాలనేవాళ్ల బాధ కూడా చెప్పాలి. హీత్రోకి ఉన్నవి రెండే రన్‌వేలు. ఏడాదికి 4.8 లక్షల రాకపోకలు దాటకూడదని అయిదో టెర్మినల్‌కి అనుమతి ఇచ్చినప్పుడే పరిమితి పెట్టారు, దాదాపు అది నిండిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఆరు రన్‌వేలు, ప్యారిస్ పెద్ద విమానాశ్రయానికి నాలుగు. మన శంషాబాద్ స్థలం దాదాపు 5,500 ఎకరాలు, హీత్రోది సుమారు 3,000. అంత చోటులోంచి 2024లో దాదాపు 8.4 కోట్ల మంది వెళ్లారు. చిన్న ఆలస్యం జరిగినా విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం అందుకే, దానికీ ఇంధనం ఖర్చే. కొత్త ప్రతిపాదన 3,500 మీటర్ల రన్‌వే, ఎం25 మోటార్‌వే దాని కింద సొరంగంలో, ఏడాదికి 7.56 లక్షల రాకపోకలు, మొత్తం ఖర్చు 4,900 కోట్ల పౌండ్లు. పెద్ద విమానాశ్రయం లేకపోతే వ్యాపారం పక్క దేశానికి పోతుందనే మాట నేను కొట్టిపారెయ్యను. కానీ 2025 సెప్టెంబర్‌లో లండన్‌కే ఉన్న మరో విమానాశ్రయం గాట్విక్ రెండో రన్‌వేకి కూడా అనుమతి ఇచ్చారు. 'హీత్రో వద్దు, గాట్విక్‌లో కట్టండి' అని ఇన్నాళ్లు అన్న మావాళ్లు ఇప్పుడేమంటారో చూడాలి. ఏ రన్‌వే నుంచి లేచినా పొగ ఒకే ఆకాశంలోకి పోతుంది కదా.

నన్ను అడిగితే వద్దనే అంటాను. అందులో నా నిద్ర వాటా ఎంత, నా కూతురు చూడబోయే ఎండల వాటా ఎంత అని నిలదీస్తే, నిద్రదే ఎక్కువని ఒప్పుకుంటాను.

ఈ గొడవలో అసలు నలిగిపోయింది మాత్రం మేం కాదు. విమానాశ్రయానికి ఉత్తరంగా, ఎం4కి ఇవతల, సిప్సన్, హార్మండ్స్‌వర్త్, లాంగ్‌ఫర్డ్ అని మూడు ఊళ్లున్నాయి. రన్‌వే వస్తే లాంగ్‌ఫర్డ్ మొత్తం, హార్మండ్స్‌వర్త్‌లో చాలా భాగం పోతాయి. 2015 కమిషన్ లెక్క ప్రకారం కూల్చాల్సిన ఇళ్లు 783. హార్మండ్స్‌వర్త్‌లో 1426లో కట్టిన చెక్క ధాన్యపు కొట్టం ఒకటుంది. లోపలికి వెళితే పెద్ద చర్చిలో నిలబడ్డట్టే ఉంటుంది. దాన్ని కూల్చరట, కానీ దాని పక్కన ఊరు ఉండదు.

అమ్మ వచ్చినప్పుడు ఒక ఆదివారం ఆ కొట్టం చూపించడానికి తీసుకెళ్లాను. మా అమ్మమ్మగారి ఊరు అలంపూర్ వైపు, 1981లో శ్రీశైలం ముంపులో పోయింది. దారిలో 'రన్‌వే వద్దు' అనే బోర్డులు చూసి ఏమిటవి అని అడిగింది. చెప్పాను. మొదటి ప్రశ్న, "పరిహారం ఎంతిస్తారంట?"

"మార్కెట్ రేటు మీద పాతిక శాతం ఎక్కువమ్మా."

"ఎప్పుడు?"

"తేలినప్పుడు. 2029కల్లా అనుమతి, 2035కల్లా మొదటి విమానం అంటున్నారు."

"ఎన్నేళ్ల నుంచి అంటున్నారు?"

ఇరవై ఏళ్ల పైనే అన్నాను. అమ్మ నడవడం ఆపేసింది. ఎదురుగా ఒక పెద్దాయన ఇంటి ముందు గేటుకి పచ్చరంగు వేస్తున్నాడు, నేలమీద పాత పేపర్లు పరుచుకుని, కమ్మీ కమ్మీకీ. "మా ఊళ్లో ముంపు అని తెలిశాక ఇంటికి సున్నం కూడా ఎవరూ వెయ్యలేదు. కారే కప్పు కిందే పడుకున్నాం," అంది. ఆ పెద్దాయన మమ్మల్ని చూసి తలూపాడు. అమ్మ దణ్ణం పెట్టింది.

తిరిగొస్తుంటే కారులో, "నువ్వు కూడా వద్దనే చెప్పు మీ ఎంపీకి," అంది. కాసేపు ఊరుకుని, "వచ్చే ఏడు కూడా నాకు ఆ హైదరాబాద్ డైరెక్ట్ ఫ్లైటే చెయ్యి. మధ్యలో దుబాయ్‌లో దిగి మారడం నావల్ల కాదు."