మిద్దె దంతెల కింద అడ్డంగా వైరు లాగవచ్చా?

చిత్తూరులోని మీ తాతల నాటి మిద్దెలో, సామాన్ల గదికి ప్లగ్గు పాయింటు కోసం దంతెల (పైకప్పును మోసే అడ్డ చెక్కల) అడుగున క్లిప్పులు కొట్టుకుంటూ వైరు లాగితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. గ్రీమ్స్‌పేటలో మా పాత ఇంటికి ఇదే పని చేయించాను కాబట్టి చెబుతున్నాను.

సామాన్ల గదిలో దంతెను ఎవరూ ఊరికే ఉండనివ్వరు. ఒకరు మేకు కొడతారు, ఒకరు వెల్లుల్లి కట్ట వేలాడదీస్తారు. దంతెకూ దంతెకూ మధ్య సాగిన వైరు చేతికందే దండెంలా ఉంటుంది. మా వాళ్లయితే తప్పకుండా తువ్వాలు ఆరేసేవారు.

అసలు అడ్డంగా దాటకుండా పోయే దారి ఉందేమో ముందు చూడండి. దంతెల చివరలు ఆనిన గోడ మీద, వాటికి కాస్త కిందుగా పీవీసీ పైపు బిగించి తీసుకెళ్లవచ్చు. వైరు నాలుగు మీటర్లు ఎక్కువ పడితే పడనివ్వండి. మేము చేసింది ఇదే.

గది మధ్యలో లైటు కోసం దాటక తప్పకపోతే, దంతెల అడుగున ఒక చెక్క బద్ద అడ్డంగా స్క్రూలతో బిగించి, పైపును దాని మీద శాడిళ్లతో (పైపును పట్టి ఉంచే పట్టీలతో) బిగించండి. పాతకాలపు టేకు బద్దల వైరింగు గుర్తుందా? అది చూపుకు మోటుగా ఉన్నా వైరుకు పొడవునా ఆధారం ఉండేది.

పైపు పోవడానికి దంతెల్లోనే రంధ్రాలు వేయిస్తే దగ్గరుండి చూసుకోండి. మా ఎలక్ట్రీషియన్ ఉలి తీసి దంతె అడుగు అంచున గాడి కొట్టబోయాడు. ఆపించాను. బరువు మోసే దంతెలో ఎక్కువగా సాగేది అడుగు అంచే, చీలిక అక్కడే మొదలవుతుంది. రంధ్రం దంతె లోతుకు సరిగ్గా మధ్యలో ఉండాలి, వ్యాసం ఆ లోతులో నాలుగో వంతు మించకూడదు. ఆరంగుళాల దంతెకు 20 మిల్లీమీటర్ల పైపు హాయిగా పడుతుంది. గోడకు మరీ దగ్గరగానూ, దంతె పొడవుకు నట్టనడుమా వద్దు. డ్రిల్లు పెట్టే ముందు సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగితే చెద ఉన్నట్టే, ఆ దంతె జోలికి పోకండి. మూడు మీటర్ల పైపు గదిలో అడ్డంగా ఆ రంధ్రాల్లోకి దూరదు. ముక్కలుగా కోసి, దంతెల సందుల్లో కప్లర్లతో కలపాలి.

వైరు లైటుకు 1.5, మామూలు ప్లగ్గుకు 2.5 చదరపు మిల్లీమీటర్లు, వెంట ఆకుపచ్చ ఎర్త్ వైరు. పైపు లోపల అతుకులు వద్దు, అతికితే జంక్షన్ బాక్సులోనే. ఎలుకల ఇల్లయితే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) కూడా పెట్టించండి. డబ్బులిచ్చే ముందు దాని టెస్ట్ బటన్ మీరే నొక్కి చూడండి.