గంగమ్మ కథను చదివించకండి, నడిపించండి

ప్రశ్న: మాది తిరుపతి, డిగ్రీ చదువుతున్నాను. స్నేహితులం కలిసి సెకండ్ లైఫ్ లాంటి ఆన్‌లైన్ వర్చువల్ లోకంలో గంగమ్మ జాతర కథను ప్రదర్శనగా కడుతున్నాం. గుడి, వీధులు అయిపోయాయి. ఒక్కో వేషం దగ్గర ఒక్కో బోర్డు పెట్టి కథ రాశాం. వచ్చినవాళ్లు ఒకటి రెండు బోర్డులు చదివి వెళ్లిపోతున్నారు. చివరిదాకా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బోర్డులు తీసేయండమ్మా. అవతార్ (తెర మీద మన తరఫున తిరిగే బొమ్మ) వేసుకుని నడుస్తూ వచ్చిన మనిషిని గోడ ముందు నిలబెట్టి చదవమంటే ఎంతసేపు ఉంటారు? పైగా మీరు ఎంచుకున్నది ఇలాంటి చోటికి చక్కగా సరిపోయే కథ. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చేసే పాలెగాడి మీద తిరుపతి పక్కనున్న అవిలాలలో పెరిగిన గంగమ్మ తిరగబడుతుంది, వాడు భయపడి దాక్కుంటాడు, ఆమె బైరాగి, బండ (నోటికొచ్చినట్టు తిట్టే మోటు మనిషి), తోటి అంటూ రోజుకో వేషంలో ఊరంతా గాలిస్తుంది, దొర వేషం కట్టాక గానీ వాడు బయటికి రాడు. వేషం మారితేనే ఈ కథ కదులుతుంది, వర్చువల్ లోకంలో అన్నిటికన్నా తేలిగ్గా జరిగే పని కూడా వేషం మారడమే.

అందుకని వేషం వచ్చినవాళ్ల చేతే కట్టించండి. బైరాగికి నామం సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం అని మీకు తెలుసు కదా, వీధి మొదట్లో సుద్ద కుప్ప పెట్టి దాన్ని తాకగానే అవతార్ ఒళ్లంతా తెల్లబడేలా స్క్రిప్ట్ (వస్తువు ఏం చేయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) రాయండి. ఇక ఊళ్లో జనం ఏ వేషానికి ఏం చెబుతారన్నది మీరే రాసుకోవాలి. బైరాగికి బిచ్చం వేసే ఇల్లాలు ఒక మాట చెబుతుంది, అదే గడపలోకి తోటి వేషంలో వెళ్తే తలుపేసుకుంటుంది, ఆ తలుపు చాటు నుంచి ఇంకో మాట వినపడుతుంది. అన్నీ విన్నవాళ్లకే గంధం గిన్నె దొరకాలి. అప్పుడు పాలెగాడు ఎందుకు బయటికొచ్చాడో ఎవరూ వివరించక్కర్లేదు, ఒంటి మీద గంధం పూసుకున్న మనిషికి తెలిసిపోతుంది.

ఇక్కడో చిక్కుంది. ఆ లోకంలో మీ వీధి అందరికీ ఒకటే. ముందు వచ్చినవాళ్లు పాలెగాడి తలుపు తెరిస్తే, వెనక వచ్చినవాళ్లకి అది తెరిచే కనిపిస్తుంది, కథంతా పాడైపోతుంది. కాబట్టి ఎవరు ఎంతవరకు వచ్చారన్నది వీధిలో కాకుండా వాళ్ల దగ్గరే ఉండాలి. అవతార్‌కి తగిలించే హడ్ అనే తెర ఉంటుంది, అది తగిలించుకున్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనపడదు, లెక్క దాంట్లో పెట్టండి. మాటలు కూడా తాకిన మనిషికి మాత్రమే వెళ్లేలా పంపొచ్చు.

గుమ్మాలు నిజం ఇళ్ల కొలతల్లో కట్టకండి. కెమెరా అవతార్ వెనకాల, కాస్త పైన ఉంటుంది కాబట్టి ఇరుకు గదిలోకి వెళ్తే గోడ తప్ప ఏమీ కనిపించదు. తెలుగు అక్షరాలు ఎక్కడైనా తప్పదనుకుంటే బొమ్మగా చేసి అతికించండి, ఒత్తులు చెదరవు. మాటల్ని ఇంట్లో పెద్దవాళ్ల గొంతుతో రికార్డు చేయండి, ఒక్కోటీ అర నిమిషం లోపే ఉండాలి.

ముగింపు మార్చుకునే వీలు ఇవ్వమని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. పాలెగాడు చావాల్సిందే. ఎలా వెతకాలన్నది వచ్చినవాళ్ల ఇష్టం, వాడేమవుతాడన్నది కాదు. వాడు చచ్చాక మాత్రం ప్రదర్శన ఆపకండి. గంగమ్మ మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది చూశారా, నాకు ఈ కథ మొత్తంలో అంతకన్నా గొప్ప చోటు లేదు. ఆ ఇంటికి ఒక గది కట్టండి. అక్కడ తాకేవి, గెలిచేవి ఏమీ వద్దు, ఆమె పక్కన కూర్చునే వీలుంటే చాలు.

బండ వేషంలో ఉన్నవాళ్లు ఎంత తిట్టినా జాతరలో ఎవరూ కోప్పడరు, ఆన్‌లైన్‌లో అలా కుదరదు, చిన్నపిల్లలు కూడా వస్తారు, ఆ తిట్లు మీరు రాసినవే ఉండాలి. కట్టడం పూర్తయ్యాక జాతరలో ఈ వేషాలు కట్టే కైకాల కుటుంబాల పెద్దలకు చూపించి, వాళ్లు సరే అన్నాకే అందరికీ తెరవండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను, టీచర్ని. పిల్లలతో ఇలాంటిదే చేయించాలని ఉంది. ఆ వర్చువల్ లోకాన్ని నడిపే కంపెనీ మూతపడితే పిల్లల కష్టమంతా పోతుందేమోనని టెన్షన్. ఖర్చు సంగతి కూడా చెప్పండి.

జవాబు: మీ భయం సరైనదే మాస్టారూ. ఇలాంటి వర్చువల్ లోకమే అయిన ఆల్ట్‌స్పేస్‌వీఆర్‌ను 2023 మార్చిలో మూసేశారు, మొజిల్లా కూడా హబ్స్ అనే తన వర్చువల్ గదుల సేవను 2024 మేలో ఆపేసింది. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ ఇంకా నడుస్తోంది, అందులో ఖాతా ఉచితమే గానీ సొంత స్థలానికి అద్దె కట్టాలి. మీ బడికైతే ఓపెన్‌సిమ్యులేటర్ మేలని నా అభిప్రాయం. ఇలాంటి లోకాన్ని మనమే నడుపుకోవడానికి 2007లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, బడిలో ఉన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది, స్క్రిప్టులు కూడా దాదాపు సెకండ్ లైఫ్ భాషలోనే రాయొచ్చు. 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉండే ప్రాంతం మొత్తాన్ని, ఇళ్లూ చెట్లూ స్క్రిప్టులతో సహా, ఓఏఆర్ అనే ఒక్క ఫైలుగా దాచుకోవచ్చు. వారానికోసారి ఆ ఫైలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టే బాధ్యత ఒక పిల్లాడికో పిల్లకో అప్పగించండి.